పిడికెడు బియ్యం

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పక్కింటావిడ ఒక గిన్నెలో గోంగూర పచ్చడో, చింతచిగురు పప్పో పంపిందనుకోండి. ఆ గిన్నెను కడిగి ఖాళీగా తిరిగి పంపడానికి మనకు చేతులు రావు. ఇంట్లో ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా, చారెడు పంచదారైనా వేసి మరీ పంపుతాం. మన తల్లులు, అమ్మమ్మలు "థాంక్స్" అన్న మాట ఎరగరు. "ధన్యవాదాలు" అని ఒకరికొకరు చెప్పుకున్నదీ లేదు. అయినా వాళ్ళకి కృతజ్ఞత లేదని ఎవరనగలరు చెప్పండి? వాళ్ళ కృతజ్ఞత నోట్లో ఉండేది కాదు, చేతుల్లో ఉండేది.

కృతజ్ఞత అనే మాటనే కాస్త విడదీసి చూద్దాం. కృతం అంటే చేసినది. దాన్ని ఎరిగి ఉండటమే కృతజ్ఞత. దానికి వ్యతిరేకం కృతఘ్నత, అంటే చేసిన మేలును చంపడం. వినడానికి రెండు మాటలూ అక్కచెల్లెళ్ళలా ఉన్నా ఒకటి మేలును బతికించి ఉంచుతుంది, రెండోది చంపేస్తుంది.

ఈ బతికించి ఉంచే పనిని ఒక పద్ధతిగా, ఒక ఇంటి అలవాటుగా చేసుకున్న వాళ్ళని గురించి ఇవాళ నాలుగు మాటలు చెబుతాను. వాళ్ళు పెద్ద పేరున్నవాళ్ళు కారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లోని చిన్న చిన్న క్రైస్తవ సంఘాల్లో ఆదివారం పూట చాపల మీద కూర్చునే ఆడవాళ్ళు. మీరు ఏ మతం వారైనా సరే, ఇది మీకూ పనికొచ్చే సంగతేనని నా నమ్మకం.

సికింద్రాబాదులో కాజీపేట వైపు రైలెక్కితే దారిలో జనగామ వస్తుంది. కాజీపేట, వరంగల్లు దాటి విజయవాడ దారిలో ఇంకా ముందుకి పోతే మహబూబాబాద్. దాన్నే మన వాళ్ళు మానుకోట అంటారు. భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండ నుంచి పరకాల మీదుగా బస్సులో పోవాలి. ఈ మూడూ ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోని ఊళ్ళే. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు మూడూ మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి. జనగామ చుట్టూ మెట్ట పొలాలు, పత్తి. మానుకోట వైపు మిరప, వరి, తండాలు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు, మూడు షిఫ్టుల బతుకులు.

ఇలాంటి చోట్ల చిన్న సంఘం అంటే ఎలా ఉంటుందో చూడని వాళ్ళ కోసం చెబుతాను. ఒక రేకుల షెడ్డో, చిన్న పెంకుటిల్లో. ముప్పై నలభై మంది. ఒక డోలక్, ఒక జత తాళాలు. పాస్టరు గారు ఒక్క ఊరికే పరిమితం కారు, ఉదయం ఒక ఊళ్ళో ఆరాధన చేసి మధ్యాహ్నానికి మోటారు సైకిలు మీద ఇంకో ఊరు చేరాలి. కూర్చున్న వాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. కూలికి పోయేవాళ్ళు, ఒకరిద్దరు నర్సులు, ఒక అంగన్‌వాడీ టీచరు, రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన భర్తకి అన్నం పెట్టి పరుగున వచ్చిన ఇల్లాలు. ఎవరు రాలేదో తలెత్తి చూస్తే చాలు తెలిసిపోతుంది. ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్ళి, "ఏమైందమ్మా, రాలేదేం?" అని అడిగి వస్తారు.

ఇంత చిన్న సంఘాలు ఏ ఆధారం మీద నిలబడ్డాయి అన్నదానికి జవాబు కావాలంటే మనం డోర్నకల్ దాకా వెళ్ళాలి.

డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. కొత్తగూడెం వైపు లైను చీలే రైల్వే జంక్షను. 1909లో అక్కడికి ఒక తమిళ కుటుంబం వచ్చింది. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టారు. ఆ ప్రాంతపు క్రైస్తవులు 1903లో తమ సొంత చందాలతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం తరఫునే ఆయన వచ్చారు. అప్పుడది నిజాం రాజ్యం. భాష రాదు, ఉండటానికి ఇల్లు లేదు. మొదట గుడారంలో ఉన్నారు. తెలుగు నేర్చుకున్నారు, ఎడ్లబండి మీద ఊళ్ళు తిరిగారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ దక్షిణ భారతంలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. అంత చదువుకున్న మనిషి ఆ జంక్షను ఊళ్ళో కాపురం పెట్టి పల్లె ఆడవాళ్ళ మధ్య పని చేసింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారిని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అంత పెద్ద పదవి వచ్చినా మద్రాసులోనో, హైదరాబాదులోనో ఉందామని అనుకోలేదు. 1945 జనవరి 1న కన్నుమూసే వరకు డోర్నకల్‌లోనే ఉన్నారు. ముప్పై అయిదేళ్ళకు పైగా ఒక్క చోట!

ఆయన చుట్టూ చేరిన వాళ్ళు ఎవరు? ఎక్కువ మంది మాల మాదిగ పేటల వాళ్ళు. ఊరి బావిలో చేద వెయ్యనివ్వని రోజులు. పొద్దంతా దొర పొలంలో వంగి పని చేసి, సాయంత్రం కొంగులో పోసిన గింజలు తెచ్చుకుని వండుకునే వాళ్ళు. అటువంటి వాళ్ళని చూసి ఎవరైనా ఏమంటారు? "పాపం, వీళ్ళకి మనమే ఏదైనా పెట్టాలి" అంటారు. అజరయ్యగారు అలా అనుకోలేదు. పేదవాళ్ళు కూడా ఇవ్వాలి, తమ సంఘాన్ని తామే నిలబెట్టుకోవాలి అన్నారు. క్రైస్తవుల దాతృత్వం మీద ఒక చిన్న పుస్తకం కూడా రాశారు.

ఇది మొదట వింటే మనసుకి కష్టంగానే ఉంటుంది. లేనివాళ్ళని ఇమ్మని అడగటమా? నాకూ ఈ అనుమానం చాలా కాలం ఉండేది. కానీ తెలుగు సంఘాల్లో ఆడవాళ్ళు పాటించిన పిడికెడు బియ్యం అలవాటుని చూస్తే అందులోని కీలకం అర్థమవుతుంది.

అలవాటు చాలా చిన్నది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం చాటలో పోసుకుని ఏరి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వెయ్యాలి. అంతే. వారానికో, నెలకో ఆ కుండ మందిరానికి చేరుతుంది. మన దేశానికి ఈశాన్య మూలనున్న మిజోరాంలో కూడా 1910లో క్రైస్తవ స్త్రీలు ఇదే పద్ధతి మొదలుపెట్టారు, ఇవాళ్టికీ నడుపుతున్నారు.

మనం ఇల్లాళ్ళం కాబట్టి లెక్క వేసుకుందాం. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములు అనుకుందాం. పూటకో పిడికెడు చొప్పున రోజుకి 100 గ్రాములు, నెలకి 3 కిలోలు. ముప్పై ఇళ్ళుంటే నెలకి 90 కిలోలు! అందులో ఒక బోధకుడి ఇంటికి వెళ్ళేది వెళ్ళగా, ఊళ్ళో జ్వరంతో పడుకున్న ముసలమ్మకి, పురిటి ఇంటికి, పని దొరకని ఇంటికి ఇంకా మిగులుతుంది. ఒక్కో ఇంట్లో చూస్తే ఆ లోటు ఎవరికీ తెలియదు. పిల్లవాడి కంచంలో ఒక్క ముద్ద తగ్గదు.

అయితే అసలు విషయం బియ్యం లెక్కలో లేదు. తరతరాలుగా "అయ్యా, పెట్టండి" అని చెయ్యి చాచడం తప్ప వేరే ఎరగని మనిషి, మొట్టమొదటిసారి ఇచ్చే మనిషి అయింది. చెయ్యి చాచేటప్పుడు అరచెయ్యి పైకి ఉంటుంది, ఇచ్చేటప్పుడు అదే అరచెయ్యి కిందికి తిరుగుతుంది. ఆ తిరగడంలో ఎంత గౌరవం ఉందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. "నాకూ అందింది, నేనూ ఇస్తాను" అనుకోగలగడమే కృతజ్ఞత. ఎవరి దగ్గరా ఏమీ లేనివాడు కూడా కృతజ్ఞత చూపగలడు. దానికి ఒక్క పిడికిలి చాలు.

కోత పండుగ చూశారా ఎప్పుడైనా? పంట ఇంటికొచ్చాక సంఘమంతా ఒక ఆదివారం మందిరానికి తలా ఒకటి తెస్తారు. వడ్ల బస్తా తెచ్చేవారు తెస్తే, ఒకావిడ కోడిపుంజును చంకలో పెట్టుకొస్తుంది. ఇంకొకామె పాదున కాసిన ఒకే ఒక్క గుమ్మడికాయ తెస్తుంది. ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయని బజారు ధరకి నాలుగింతలు పెట్టి ఒకాయన పాడుకుంటాడు, డబ్బు కట్టి కాయని మళ్ళీ వేలానికే ఇచ్చేస్తాడు. అందరూ నవ్వుతారు. అలా ఒకే కాయ మూడు చేతులు మారుతుంది. ఆ కాయ తెచ్చిన మనిషి మొహం చూడాలి మీరు!

డోర్నకల్‌లో అజరయ్యగారు కట్టించిన పెద్ద దేవాలయాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, మినార్లు, మన మండపాల్లాంటి స్తంభాలు అన్నీ కలిసి ఉంటాయి అందులో. జనవరి 6 క్రైస్తవులకి ఒక పండుగ రోజు. తూర్పు దేశపు జ్ఞానులు పసిబిడ్డ యేసుని వెతుక్కుంటూ కానుకలతో వచ్చారన్న జ్ఞాపకం అది. ఆ దేవాలయానికి ఆ పండుగ పేరే పెట్టారు. పిడికెడు బియ్యం ఇచ్చిన చేతులకి ఇంతకంటే తగిన పేరు ఏముంటుంది?

ఇంతవరకూ వినడానికి బాగానే ఉంది. మరి పంట రానప్పుడో? ఇంట్లో మనిషి పోయినప్పుడో? అప్పుడు ఏ మొహం పెట్టుకుని కృతజ్ఞత చెప్పాలి?

జనగామ వైపు ఒక ప్రార్థన కూడికలో నేను విన్న మాట ఒకటి ఉంది. అకాల వానకి చేలోని పత్తి అంతా నల్లబడిన ఏడు. వరసగా అందరూ సాక్ష్యాలు చెబుతున్నారు. ఒక పెద్దమ్మ లేచింది. "ఈయేడు చెప్పుకోనీకి ఏం లేదు బిడ్డా. పత్తి మొత్తం కరాబైంది. అప్పు అట్లనే ఉన్నది. దేవునితోని రాత్రి కొట్లాడిన. పొద్దుగాల లేచి కుండల బియ్యం ఏసిన" అని కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్కనున్న ఆమె ఈవిడ చెయ్యి పట్టుకుంది, అంతే.

నాకు ఆ నాలుగు మాటల్లో గొప్ప వేదాంతం కనబడింది. ఆమె సంతోషం నటించలేదు. దేవుడితో పోట్లాడింది. బైబిల్లోని 150 కీర్తనల్లో స్తుతి పాటలతో పాటు కన్నీటితో మొరపెట్టుకునేవి, "నన్నెందుకు మరిచావు?" అని నిలదీసేవి ఎన్నో ఉన్నాయి. కాబట్టి కొట్లాడటం అవిశ్వాసం కాదు. పలకరించడం మానేసినప్పుడే బంధం తెగుతుంది, పోట్లాడుకున్నంతకాలం ఉంటుంది. మన ఇళ్ళల్లో చూడమూ? రాత్రి పోట్లాడి, పొద్దున కుండలో బియ్యం వేసింది చూశారా, నిలకడైన విశ్వాసం అంటే అదే. మనసు కుదిరినా కుదరకపోయినా చెయ్యి తన పని మానలేదు.

క్రైస్తవుల ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం ఒకటుంది. దానికి గ్రీకు భాషలోంచి వచ్చిన పేరు యూకరిస్తు. ఆ మాటకి అర్థం కృతజ్ఞత చెల్లించడం. యేసు శత్రువుల చేతికి చిక్కబోతున్న రాత్రి, చావు ముందు నిలబడి, రొట్టె తీసుకుని కృతజ్ఞతలు చెప్పాడని సువార్తలు చెబుతాయి. అంతా బాగున్న రోజున చెప్పినది కాదది. భూపాలపల్లిలో భర్త గనిలోకి దిగిన రాత్రి, ఇంటికి తిరిగి వచ్చేదాకా మెలకువగా ఉండే ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. కృతజ్ఞత పేరుతో ఆడవాళ్ళ నోరు మూయించే వాళ్ళున్నారు. తాగి వచ్చి కొట్టే భర్త ఉన్న ఆమెతో, "పోనీలే అమ్మా, మొగుడంటూ ఒకడున్నాడు, దేవుడికి వందనాలు చెప్పుకో" అని సలహా ఇస్తారు. అన్ని మతాల్లోనూ ఉన్నారు ఇలాంటి పెద్దలు. ఇది తప్పు. చేసిన మేలును ఎరిగి ఉండటం కృతజ్ఞత అని కదా అనుకున్నాం? కొట్టడం మేలు కాదు. దానికి కృతజ్ఞత చెల్లించక్కర్లేదు. 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం ఉంది, 181 నెంబరుకి ఫోను చేస్తే సాయం ఉంది, జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. అటువంటి చెల్లెలికి తోడుగా ఇద్దరు అక్కలు సఖి కేంద్రం దాకా నడిచి వెళ్ళారంటే, ఆ సంఘం నిజంగా సంఘమని నేనంటాను. నలభై మంది ఉన్న చోట ఎవరి చెంప కందిందో దాగదు. చూసి చూడనట్లు ఊరుకోవడమే పాపం.

అలాగే, సాయం చేసిన వాళ్ళు "నేను చేశాను గుర్తుందా?" అని మాటిమాటికీ జ్ఞాపకం చెయ్యడమూ తగదు. కృతజ్ఞత మన దగ్గరున్న ధాన్యం లాంటిది. మనం కొలిచి ఇవ్వవచ్చు గాని, ఎదుటివాడి గాదెలోకి వెళ్ళి కొలుచుకు తెచ్చుకోకూడదు.

ఇప్పుడు ఈ చిన్న సంఘాలకి వచ్చిన కష్టం వేరు. పిల్లలు చదువులకి, ఉద్యోగాలకి హైదరాబాదు వెళ్ళిపోయారు. పండగకి వస్తారు, పోతారు. ఫోను తెరిస్తే పెద్ద పెద్ద సభలు, వేలాది జనం, గొప్ప సంగీతం. వాటి ముందు ఈ డోలక్, ఈ చాపలు ఏపాటి? "అత్తమ్మా, ఇంట్లోనే కూర్చుని ఫోనులో ఆరాధన చూసుకోరాదా, ఎండలో పోవడం ఎందుకు?" అంటారు కోడళ్ళు. ప్రేమతోనే అంటారు. తప్పు లేదు.

పెద్ద సభలని నేను తక్కువ చెయ్యను. కానీ ఒక్కటి ఆలోచించండి. వేల మంది సభలో మనం ఒక రోజు రాకపోతే ఎవరికి తెలుస్తుంది? మన పిడికెడు బియ్యం ఎవరి కుండలో వెయ్యాలి? చిన్న చోట మనం లేకపోతే ఆ ఖాళీ కనబడుతుంది. మన పాట అపశ్రుతిలో ఉన్నా, అది లేకపోతే పాట బోసిపోతుంది. అక్కడ మనుషుల ముఖాలు తెలుసు కాబట్టి, ఎవరికి ఏం రుణపడి ఉన్నామో కూడా తెలుసు. పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే ఒక్కడే వెనక్కి తిరిగి వచ్చాడని సువార్తలో ఒక కథ ఉంది. మిగతా తొమ్మిది మందికీ ఆరోగ్యం వచ్చింది. ఈ ఒక్కడికే ఆరోగ్యంతో పాటు, తనకి మేలు చేసిన మనిషి ముఖం మళ్ళీ చూసే భాగ్యం దొరికింది. వెనక్కి తిరిగి రావడానికి ఒక తెలిసిన చోటు, ఒక తెలిసిన ముఖం ఉండాలి. చిన్న సంఘాలు మనకి ఇచ్చేది ఇదే.

పట్నంలో ఉంటున్న సోదరీమణులకి నేను చెప్పేది పెద్దదేమీ కాదు. మీ ఊళ్ళో మీ చిన్నప్పటి మందిరం ఉంటే, గుడి ఉంటే, మసీదు ఉంటే, ఈసారి పండగకి వెళ్ళినప్పుడు ఒక గంట అక్కడ కూర్చుని రండి. మీకు అక్షరాలు దిద్దించిన సండే స్కూలు అక్కయ్య ఇంకా ఉందేమో కనుక్కోండి. మీ పరీక్ష ఫీజుకి ఎవరో సర్దిన డబ్బులు జ్ఞాపకం వస్తే, ఆ ఇంటి పిల్లలు ఇప్పుడు ఏం చదువుతున్నారో అడగండి. రోజూ రెండు పూటలా బియ్యం కడిగే ముందు ఒక్కో పిడికెడు తీసి డబ్బాలో వెయ్యండి. నెల తిరిగేసరికి మూడు కిలోలవుతుందని లెక్క చూశాం కదా. ఎవరికివ్వాలో మీకే తెలుస్తుంది. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి గ్యాసు పొయ్యి మీద ఏం వండుకుంటోందో ఎప్పుడైనా అడిగారా?

పిల్లల చేత కూడా వేయించండి ఆ పిడికెడు. వాళ్ళ పిడికిలి చిన్నది. ఫరవాలేదు, వాళ్ళతో పాటు అదీ పెరుగుతుంది.